ఎలుగుబంటి నుదుటి బొట్టు

జూన్ 6
కొల్లాపూర్ దాటాక, కృష్ణ ఒడ్డు పార్కు గోడ. మన అడవి జంతువులే వేయమన్నారు. జింక, అలుగు, నీటికుక్క అయ్యాయి. ఈ రోజు ఎలుగుబంటి. ముక్కు భలే కుదిరింది. ఫ్లెక్సీలు వచ్చి మా పెయింటర్ల పని పోయాక ఇంత పెద్ద గోడ దొరకడం ఇదే మొదటిసారి... పార్కుకే కళ వచ్చింది.

జూన్ 9
ఎలుగుబంటి కాళ్ల దగ్గర తడి. కంపు. బస్సు దిగిన ప్రతివాడూ అక్కడికే. ఒకణ్ణి పట్టుకుని అడిగాను. సిగ్గులేకుండా నవ్వాడు — "దేవుని బొమ్మయితే ఎవడు పోస్తడన్నా? గుడ్డెలుగుకేం తెలుస్తది?"

జూన్ 10
ఎలుగుబంటి నుదుట ఎర్ర బొట్టు పెట్టాను. గోడ అడుగున పసుపు పట్టీ. సాయంత్రానికి నేల పొడిగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జూన్ 15
గోడ కింద కొబ్బరి చిప్పలు, అగరుబత్తి పుల్లలు. ఎలుగమ్మ అంటున్నారు! నవ్వొచ్చింది. కాస్త గర్వం కూడా.

జూన్ 19
గేటు దగ్గర చాయ్ బండి లక్ష్మమ్మ. కూతురు మణికి ఫిట్స్, రోజూ గోలీలు వేయాలి. జడుసుకున్న పిల్లలను ఎలుగుబంటి మీద ఎక్కించడం మా వైపు ఉన్నదే. ఈమె పిల్లను తెచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టింది.
"గోలీలు బంద్ జేసినన్నా. ఏస్తే అమ్మ మీద నమ్మకం లేనట్టయితది గద."
నోరు తెరిచాను. "మంచిది" అన్నాను. మంచిదట! నా నోట్లో మన్ను పడ.

జూన్ 20
చెప్పాలి. ఉచ్చ పోయకుండా పెట్టిన బొట్టమ్మా అది, అని... హారతి పళ్లెం పట్టుకున్న మనిషితో ఎలా అనడం? కొబ్బరి ముక్క చేతిలో పెట్టింది — "అమ్మను తెచ్చినోనివి." తిన్నాను.

జూన్ 21
చెప్పలేదు.

జూన్ 22
తెల్లవారకముందే వెళ్లి బొట్టు మీద నల్లరంగు కొట్టి వచ్చాను. బొట్టు పోతే నమ్మకం పోతుంది, గోలీలు మళ్లీ వేస్తుంది. నేను నోరు విప్పే పని ఉండదు. ఎంత పిరికి బుర్ర!

జూన్ 23
బండి దగ్గరే మణికి ఫిట్స్ వచ్చింది. నాలుక కొరుక్కుంది, నోటి నిండా రక్తం. ఆటోలో దవాఖానకు పరుగెత్తాం. "గోలీలు ఎందుకాపినవమ్మా? పిల్ల పాణం మీదికి తెస్తవా?" అని డాక్టరు లక్ష్మమ్మను తిట్టాడు. ఆ తిట్లు నావి.

జూన్ 24
పిల్ల ఇంటికి వచ్చింది. లక్ష్మమ్మ ఏడుపు ఆపడం లేదు — "అమ్మకు కోపమొచ్చి బొట్టు తీసేసుకున్నదన్నా. నేనే ఏదో తప్పు జేసిన." కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టు. నీ చేతిల గుణముంది."
"గోలీ ఏసినవా?"
"బొట్టు పెట్టినంక అమ్మనడిగి ఏస్త."
అమ్మ వేయమంది అని నేనొక్క మాట అంటే వేస్తుంది. ఇంకో అబద్ధం. నిజం చెబితే... నా ముఖం చూస్తుందా? అసలు నమ్ముతుందా?
రేపు పెడతానని చెప్పి బస్సెక్కాను.
పిల్ల ఈ రోజు గోలీ వేసుకోలేదు.