అరగదీసిన అతుకు

ఆదివారం, రాత్రి.

నేను చెబుతున్నాను, కోడలు లక్ష్మి రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

లక్ష్మి కూతురు, నా మనవరాలు మంజుల గాల్లోకి ఎగిరి గిరగిరా తిప్పే విన్యాసాల సైకిలును నా కొడుకు శీను తానే గద్వాలలో తన వెల్డింగు షాపులో చేశాడు. తేలిగ్గా ఉండాలని సన్న పైపులు వేశాడు. అది చాలదని, హ్యాండిలు కింద అతుకు మీద ఉబ్బిన వెల్డింగునంతా నున్నగా అరగదీశాడు. ఈ రోజు పిల్ల ఎగిరి దిగగానే సైకిలు సరిగ్గా అక్కడే విరిగి, పిల్ల మోచేతి మీద పడింది. మోచేయి ఇక పూర్తిగా చాపలేకపోవచ్చని డాక్టరు అన్నాడు.

దవాఖాన నుంచి రాగానే పక్కింటావిడ మొదలుపెట్టింది. "ఆడివిల్లకు గా ఎగురుడేందమ్మా?"

"ఇరిగింది ఇనుము. పిల్లనెందుకు తిడ్తున్నవ్? పో, నీ పొయ్యి సూస్కో" అన్నాను.

మంజుల మాత్రం తండ్రినే చూస్తోంది. "నాయినా, ఇంకోటి చేస్తవా? గిట్లనే తేలిగ్గ?"

శీను విరిగిన సైకిలును మూలకు జరిపాడు.

"అడుగుతుంది గదరా, చెప్పు!" అన్నాను.

"చెయ్యాడుతలేదమ్మా. వెల్డింగు రాడ్డు పట్టుకుందామంటే బిడ్డ అరిచిందే ఇనవడుతుంది."

పక్కింటావిడ నోరు మూయించాను. వీడి భుజం మీద చెయ్యి వేశాను. పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది.

ఏడవకుండా రాయి, లక్ష్మీ. ఇంకో సైకిలు చేయనన్నాడని రాయి.