ఊపు పట్టిన చెయ్యి

1994 నవంబరు 3
చలి మొదలైంది. పొద్దున్న మంచు. నీళ్ళ డ్రమ్ము కడిగి నింపాను. మగ్గు అందుకోబోతే చెయ్యి దాన్ని దాటిపోయింది. రెండోసారికి దొరికింది. మా ఆవిడ సరోజ చూసింది.

నవంబరు 5
సుపేలా బజారులో కూరలు కొన్నాను. నడక తూలింది. పాన్ డబ్బా దగ్గర, నాతో పనిచేసే అప్పన్న— "ఏటి బావా, పొద్దున్నే ఏసీసినావా? మాకు సెప్పకండా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. వాళ్ళకి ఇంకా రూఢి అయింది.
ఇంటికొచ్చాక సరోజ టీ ఇచ్చే వంకన దగ్గరకొచ్చి నా నోటి వాసన చూసింది. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

నవంబరు 8
స్టీల్ ప్లాంటులో క్రేన్ మీద డ్యూటీ. బరువు లేపి కదిలిస్తే హుక్కు కింద అది ఊగుతుంది. ఎటు ఊగితే అటే క్రేన్‌ని కాస్త పోనిచ్చి, సరిగ్గా దాని నెత్తిన ఆపాలి. ఊపు చచ్చిపోతుంది. ఊపు పట్టడమంటే అదే. ఇన్నేళ్ళూ ఆలోచించకుండా పట్టాను. ఇవాళ ఆలస్యంగా పట్టాను... ఊపు రెట్టింపైంది. కింద సిగ్నల్ ఇస్తున్న అప్పన్న రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు. ప్లేట్ల కట్ట అతని హెల్మెట్ పక్కనుంచి పోయింది.
దిగాక దగ్గరకొచ్చాడు. జోకు లేదు. "బావా, నాకు పిల్లలున్నారు." అంతే.

నవంబరు 11
పెద్దాసుపత్రి. డాక్టరు గారు నా ముక్కు ముట్టుకోమన్నారు, తర్వాత తన వేలు. ముక్కు దొరికింది. ఆయన వేలు దొరకలేదు. గీత మీద నడవమన్నారు, పడబోతే పట్టుకున్నారు. "తాగుతారా?" లేదన్నాను. ఈయన నమ్మారు.
చిన్నమెదడట. తల వెనక, కింద, పిడికిలంత. అది దెబ్బతింటోందట. ఎందుకో రాయపూర్‌లో స్కాన్ తీశాక గాని చెప్పలేరు. "ఇంక క్రేన్ ఎక్కకూడదు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"
నేనే చెప్తానన్నాను.

నవంబరు 12
లైబ్రరీ. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. చిన్నమెదడు తానుగా ఏ పనీ మొదలుపెట్టదట. మొదలైనదాన్ని దిద్దుతూ ఉంటుంది— ఇంత వేగం, ఇక్కడ ఆపు— మనకి తెలియనివ్వకుండా. ఆలోచననీ అలాగే దిద్దుతుందేమోనని ఇప్పుడిప్పుడే అనుకుంటున్నారని నిన్న డాక్టరు గారన్నారు.
నీ చెయ్యే చెయ్యి అనేవారు వర్క్‌షాపులో. నాదే అనుకున్నాను. నాలోనే నాకు తెలియని ఒకాయన నడిపాడు. వెళ్ళిపోతుంటే తెలుస్తున్నాడు. మిగిలినవాడు— ఇది రాస్తున్నవాడు— ప్రతి అడుగూ తనకి తాను చెప్పుకుని వేస్తున్నాడు. నేనంటే ఇతనేనా?

నవంబరు 14
ఫోర్‌మన్‌కి చెప్పాను. భుజం తట్టి, నా బదులు ఎక్కే సాహుకి పని నేర్పమన్నాడు. సాహు కేబిన్ ఎక్కబోతూ అడిగాడు— "దాదా, పకడ్నా కబ్ హై?" ఎప్పుడు పట్టాలో నోరు తెరిచి చెప్పబోతే... ఏమీ లేదు. మాటల్లో ఎప్పుడూ లేదు.

నవంబరు 17
సరోజ దేవుడి గూటి ముందు కర్పూరం వెలిగించింది. "ఇంక ముట్టనని దీనిమీద సెయ్యేసి సెప్పండి."
తనకి ఇంకా చెప్పలేదు. తాగుడైతే మానొచ్చు. ఆ ఆశ ఉండనీ అనిపించింది. ఒట్టేద్దామనే చెయ్యి చాపాను. మంటని దాటిపోయింది, వెనక్కొచ్చింది, మళ్ళీ దాటింది. మంట మీద ఆగదే.
సరోజ నా మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. కర్పూరం అయిపోయేదాకా.
"ఇది తాగుడు కాదు కదండీ."
"కాదు."

నవంబరు 18
మబ్బు. రాత్రి సరోజకి అంతా చెప్పేశాను. రాయపూర్ తనూ వస్తానంది. పొద్దుటినుంచి ప్రశ్నలు. "అది పోతే నన్ను మరిసిపోతారేటి?" లేదన్నాను, జ్ఞాపకం దాని చేతిలో లేదు. "మరి కోపం? నామీద కోపమొస్తే మింగీసుకుంటారు కదా, అదీ అదే సూసుకుంటాదా?"
పుస్తకంలో అది లేదు. ఇన్నాళ్ళూ మింగింది నేనా, ఆ తెలియని ఆయనా... రేపు అరిస్తే, అరిచింది ఎవరని సరోజ అనుకోవాలి?
గోధుమలు పట్టించాలి. సరోజ సంచి గుమ్మంలో పెట్టి, నేను లేచి నడవడం చూడకుండా అటు తిరిగి బియ్యం ఏరుతోంది. మెట్ల దాకా నేనొక్కడినే వెళ్తానని చెప్పాను. ఇది మూసి లేస్తున్నాను.