సోమందేపల్లి పూరీలు

అన్నా,

పేగు జబ్బుతో నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నీ పేగు వాపుకు, మలబద్ధకానికి హిందూపురం డాక్టరు రాగిసంగటి, ఆకుకూరలు, బాగా నీళ్లు, పొద్దున్నే నడక చెప్పాడు. "నువ్వూ తింటేనే నాకు సంగటి దిగుతాదిరా" అన్నావు. నీకు తోడుగా నేనూ వరన్నం మానేశాను.

ఈ ఉదయం సోమందేపల్లిలో బస్సు దిగితే హోటలాయన పలకరించాడు.

"మీయన్న ధర్మవరం పోయేటప్పుడల్లా ఈడే పూరీలు తినేవాడప్పా. తమ్మునికి చెప్పొద్దనేవాడు."

తోడుగా తినమని నన్నడిగిన నువ్వే ఆ మాట తప్పావు.

ఇంటికొస్తే వదిన నీ పటం ముందర పెట్టడానికి సంగటి కెలుకుతోంది. "నా వంటలోనే ఏమన్నా తప్పుండెనేమో అప్పా" అంది, ఈ ఏడాదంతా అంటున్నట్టే.

నేను దాస్తే నీ తప్పు ఆమె మీదే ఉండిపోతుంది. చెప్పేశాను, అన్నా. ఆమె సంగటి సగంలోనే వదిలేసి పొయ్యి ఆర్పేసింది.