లేచిపోయాడనుకున్న తాత

చిలోయే దీవిలోని ఎదెల్మీరా అవ్వకు,

నిన్న మీరు తలుపేసుకున్నాక పడవెక్కాను గానీ మనసు ఒక చోట నిలవడంలేదు. "మా తాత పేరెత్తకు పిల్లా. కుంటికాలు ఈడ్చుకుంటూనే గొర్రెల పనికని పటగోనియా పోయి, అక్కడ ఎవత్తెతోనో లేచిపోయాడు. మా నాయనమ్మ చచ్చేదాకా ఏడ్చింది" అన్నారు. ఆయన కుంటివాడని నాకు అంతవరకూ తెలియదు.

నూరేళ్ల కిందట అక్కడ సమ్మె చేసిన గొర్రెల కూలీలను సైనికులు కాల్చి ఒకే గోతిలో పూడ్చేశారు. మా బృందం ఆ గోతిని తవ్వితే ఎముకలు దొరికినవారి బంధువులను చర్చి రికార్డుల్లో వెతుకుతూనే మీ గుమ్మం దాకా వచ్చాను. వారిలో ఒకరి కాలి ఎముక ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుంది. ఆయనే మీ తాత అని ఒట్టేసి చెప్పలేను. మీరు కాస్త ఉమ్మి ఇస్తే డీఎన్ఏ పరీక్షలో తేలిపోతుంది.

ఆదివారం మళ్లీ వస్తాను. తిట్టినా పరవాలేదు. ఆ కుంటికాలి మనిషి వేలికి ఇత్తడి పెళ్లి ఉంగరం ఇంకా ఉంది అవ్వా.