నా నవల మీద చివరి మాట ఏజెంటుగారిదే

ఈ నెల పదో తారీఖున నా గుండెకి ఆపరేషన్. నవల ఇంకా అచ్చుకి వెళ్లలేదు. నేను లేచి రాకపోతే దాని సంగతి చూసేదెవరో తేలాలి కాబట్టి ఈ వీలునామా ఇప్పుడే రాస్తున్నాను. గుండె బాగాలేదు గానీ బుర్ర బాగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు.

1. నవల మీద హక్కులూ, దాన్ని ప్రచురణకర్తలకి చూపించి ఒప్పందం కుదిర్చే ఏజెంటుగారి వాటా పోను వచ్చే రాబడీ మా అమ్మకి చెందుతాయి. అయితే దాన్ని ఏ ప్రచురణకర్తకి ఇవ్వాలి, ఏ మాట మార్చాలి అన్న నిర్ణయాధికారం ఏజెంటుగారికే దఖలు పరుస్తున్నాను.

ఎందుకో ఇంట్లోవాళ్లకి చెప్పాలి. మనింట్లో బడికెళ్లింది నేనొక్కదాన్నే. పుస్తకాల లోకం మీకెంత కొత్తో నాకూ అంతే. ముందు కలిసిన ఏజెంటు మర్నాడే "అద్భుతం" అన్నాడు. కథలో తల్లి ఏం పని చేస్తుందని అడిగితే అప్పుడు పేజీలు తిరగేయడం మొదలుపెట్టాడు. ఈవిడ అలా కాదు. కళ్లద్దాల షాపు మీది గదిలో రాతప్రతిని నిలబడి చదువుతారు. కథ పట్టుకున్నాకే కూర్చుంటారు. నా నవలకి నలభై ఒకటో పేజీలో కూర్చున్నారు. "ఇక్కణ్ణించి మొదలుపెట్టమ్మా" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత ముందున్నదంతా కొట్టేశాను. నవల అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

చివర్లో ఇస్త్రీ చేసే తల్లి చదువు నేర్చుకున్నట్టు మారిస్తే వెంటనే వేస్తామన్నారు ఒక ప్రచురణకర్త. "ఆవిడకి తీరికెక్కడిదండీ?" అని ఫోన్లోనే తేల్చేసి, ఇంకొకర్ని వెతుకుతున్నారు ఏజెంటుగారు. నేనైతే భయపడి ఒప్పేసుకునేదాన్ని. మీరూ ఒప్పుకోకూడదు.

2. కొట్టేసిన నలభై పేజీలూ అన్నయ్యకి. "ఏజెంటంటే ఇళ్లు చూపించే బ్రోకరే కదే" అని నలుగురిలో నవ్వావు, మర్చిపోలేదు. ఆ పేజీల నిండా నీ గొప్పలే, అందుకే ఆవిడ కూర్చోలేదు. నా రాతబల్ల కూడా నీకే. మూడంతస్తులు మోసింది నువ్వే కదా.

3. పుస్తకం వచ్చాక ఏజెంటుగారు మా ఇస్త్రీ షాపుకి వెళ్లి అమ్మకి చదివి వినిపించాలని నా కోరిక. అమ్మా, నువ్వు పొద్దస్తమానం నిలబడే ఉంటావు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నువ్వెక్కడ కూర్చుంటావో ఆవిడ చూస్తారు.

4. ఏజెంటుగారూ, ఈ బాధ్యత మీకు సమ్మతమేనా? తొమ్మిదో తారీఖు సాయంత్రంలోగా కబురు చేయండి. అది విని లోపలికి వెళ్తాను.

జూన్ 3
సంతకం: చిట్టి, ఇస్త్రీ షాపు

సాక్షులు: కళ్లద్దాల షాపు యజమాని, వార్డు నర్సు