ఎడమ సీటు

కర్దనూర్,
దీపావళి మరుసటి వారం

నా హైమకు,

మీ వాకిట్లో కూడా అదే కారు, అదే మోడల్ వచ్చి నిలబడిందని నీ ఉత్తరంలో చదివి గట్టిగా నవ్వేశాను. జిన్నారం మందుల కంపెనీలో పనిచేసిన రోజుల్లో మనం చెప్పుకోకుండానే ఒకే రంగు చీరలు కట్టుకొచ్చేవాళ్లం, గుర్తుందా? మళ్లీ అదే తంతు. కాకపోతే మాది ఎరుపు, మీది తెలుపు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. వాట్సాప్‌లో రెండు ముక్కలు కొడితే నా మనసు నిండదు. అందుకే కాగితం తీశాను.

ముందు మా కారు వేషాలు విను. మొన్న పటాన్‌చెరులో కూరగాయలు కొని, సంచి పక్క సీటు మీద పెట్టి బయలుదేరాను. అవును, నేనే నడుపుతున్నాను, నేర్చుకున్నాను! బజారు దాటకముందే టింగు టింగు మని ఒకటే మోత. అద్దాలు చూశాను, తలుపులు చూశాను, చేతిబ్రేకు చూశాను. ఆగలేదు. చివరికి పక్కన స్కూటర్ మీద పోతున్న ఒకాయన సంచి వైపు వేలు చూపించి, "అక్కా, దానికి బెల్టు పెట్టు, మనిషి కూసున్నడనుకుంటున్నది" అన్నాడు. అప్పట్నుంచి మా ఇంటికి సొరకాయలు బెల్టు పెట్టుకుని వస్తున్నాయి.

రోడ్డు మీద దుమ్ము అణచడానికి ట్యాంకర్‌తో నీళ్లు చల్లుతారు కదా, దాని వెనక పోతే వాన వచ్చిందనుకుని అద్దం తనంతట తనే తుడుచుకుంటుంది. ఇంకో చిత్రం, లోపల ఒక ఆడగొంతు ఉంది. మనం ఏదైనా చెబితే చేస్తుందట. నేను "జెర చల్లగాలి తగ్గియ్యమ్మా" అంటే హిందీలో క్షమాపణ చెప్పింది. విసుగొచ్చి "ఇగ సప్పుడు చెయ్యకు" అన్నాను. పాట పెట్టింది.

పటాన్‌చెరు బస్టాండు ముందుకు రాగానే కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతుంది హైమా. నువ్వు ఎక్కేది అక్కడే కదా. ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఒక చేత్తో కొంగు, నోట్లో జడపిన్ను. బస్సు నిండా మల్లెపూల వాసన, డీజిల్ వాసన కలిసి ఉండేవి. ఇప్పుడు కొత్త కారు తలుపు తీస్తే ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ లేదు. బాగుంది. అయినా ఏదో లేదు.

మీ దాని సంగతులు రాయి. ఇక్కడ అందరం క్షేమం.

నీ
సునంద

*

జహీరాబాద్,
ఆదివారం

సునందా,

నువ్వు స్టీరింగ్ పట్టావా! కంపెనీ లిఫ్టు ఎక్కాలన్నా నా చెయ్యి పట్టుకునే దానివి.

మా అబ్బాయి ప్రవీణ్ నడుపుతాడు, నేను పక్కన కూర్చుంటాను. నీ కారు మోతలు నాకు అక్కర్లేదు, వినపడవు. నేను లైట్లు కనిపెట్టాను. పక్క నుంచి లారీ వస్తే బయటి అద్దంలో చిన్న పసుపు దీపం వెలుగుతుంది, చూశావా? వాడి కంటే ముందు నేనే చూసి తొడ మీద కొడతాను. చెవులు పోయాక రోడ్డంటే భయపడిపోయిన మనిషిని. ఇప్పుడు ఆ దీపం ఉంటే ధైర్యం.

పైన కప్పు తెరుచుకుంటుందని నీకు తెలుసా? బీదర్ రోడ్డు మీద ఎవరూ లేనిచోట సీటు మీద నిలబడి తల బయట పెట్టాను. ఈ వయసులో! మా ఆయన కింద నుంచి కొంగు పట్టుకుని లాగుతున్నాడు, తిడుతున్నట్టున్నాడు. నాకు వినపడితే కదా. ముందు చెరుకు లారీ పోతోంది, దాని ఆకు ఒకటి ఎగిరొచ్చి నా ముఖాన కొట్టింది. చిన్నపిల్లలా ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

ఇగ అసలు మాటకు వస్తాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో సొరకాయ ఉంది, ట్యాంకర్ ఉంది, స్కూటర్ ఆయన ఉన్నాడు. శేఖరన్న లేడు. ముప్పై ఏళ్లు కంపెనీ బస్సు తోలినవాడి ఇంటికి మొదటిసారి సొంత బండి వస్తే, అందులో ఆయన ఊసే లేకపోవడమేంటి? నువ్వు ఆలస్యమైన రోజుల్లో కర్దనూర్ మలుపులో బస్సాపి, బానెట్ ఎత్తి, "ఇంజన్ గరమైంది, జెర ఆగున్రి" అనేవాడు. నువ్వు పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కగానే ఇంజన్ చల్లబడేది. బస్సంతా ముసిముసి నవ్వులు. పెళ్లి కుదిరిందని నువ్వు చెప్పక ముందే ఆ బానెట్ మాకందరికీ చెప్పింది. అలాంటి మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు? నా దగ్గర దాచకు.

నీ
హైమావతి

*

కర్దనూర్,
బుధవారం

హైమా,

నీకు చెవులు లేకపోయినా మాట్లాడనివి వినపడతాయి. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకు రాస్తున్నాను.

రిటైరైన నాటి నుంచి ఆయనకు ఒకటే కోరిక. "జిందగీ అంత ఇంకొకరి బండి తోలిన సునందా. ఒక్కటన్న నాదనుకుంట తోలాలె" అనేవారు. షోరూమ్‌కు పదిసార్లు పోయి ఎరుపు రంగు తనే ఎంచుకున్నారు. బండి ఇంటికి రావడానికి ముందురోజు పొద్దున బావి దగ్గర పళ్లు తోముకుంటూ పడిపోయారు. నోట నురగ. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. మూర్ఛ హైమా. ఇంత వయసులో ఎందుకొచ్చిందో పరీక్షలన్నీ చేశారు, మందులిచ్చారు. "భయం లేదు, కానీ స్టీరింగ్ ముట్టొద్దు" అన్నాడు డాక్టర్. ఆయన ఆ మాట విని చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వైపు చూస్తూ కూర్చున్నారు.

బుక్ చేసిన బండి కదా, తెచ్చుకున్నాం. ఆయన కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు పెట్టారు. మా అమ్మాయి నిషిత అమీన్‌పూర్ నుంచి వచ్చి ఇంటిదాకా నడిపింది. ఆయన దాని వెనక బస్సులో వచ్చారు. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా అందులో ఎక్కలేదు. నేను పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్నది ఆయన్ని తిప్పుదామనే. లైసెన్స్ వచ్చిన రోజు తలుపు తీసి పట్టుకుని "రా కూసో" అన్నాను. "ఆ ఎడమ సీటు కిలీనర్‌ది. నేనెన్నడు కూసోలే" అని నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆసుపత్రికైనా ఆటోలోనే పోతారు. ఆ సీటు ఖాళీగా ఉంటే చూడలేక నేను కూరగాయల సంచి పెడుతున్నాను. నీకు నవ్వుతూ రాసింది అదే.

రోజూ పొద్దున లేచి తడిగుడ్డతో బండి తుడుస్తారు. చక్రాల గాలి చూస్తారు. అద్దంలో ముఖం చూసుకుని లోపలికొస్తారు. ఒక్క మాట ఉండదు. ఇంట్లో ఒక మనిషికి బదులు ఒక బండి తిరుగుతున్నట్టుంది. నిషితతో మాట్లాడాను, అమ్మేద్దామనుకున్నాం. కళ్లముందు లేకపోతే మరిచిపోతారేమో. ఆదివారం అమీన్‌పూర్ నుంచి ఎవరో చూడటానికి వస్తున్నారు. ఆయనకు ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

సునంద

*

జహీరాబాద్,
శుక్రవారం

సునందా,

ఆదివారంలోపే నీకు చేరాలని ప్రవీణ్ స్నేహితుడు పటాన్‌చెరు వస్తుంటే అతని చేతికిస్తున్నాను.

నా చెవులు పోయినప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో నీకెప్పుడూ చెప్పలేదు. అందరూ నా ఎదురుగానే కూర్చుని నా గురించి మాట్లాడుకునేవారు. పెదవులు కదిలేవి. తలలు ఊగేవి. చివరికి ఏదో నిర్ణయమైపోయేది. పనికి పోవద్దని అలాగే తేలింది, పెళ్లిళ్లకు తీసుకుపోవద్దని అలాగే తేలింది. వాళ్లకు నా మీద ప్రేమే. కానీ చెవులు పోయినదానికంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

బండి అమ్ముకో, ఉంచుకో. ఆయనకు చెప్పి చెయ్యి. కోపమొస్తే రానీ. నువ్వూ, నిషితా, డాక్టరూ కలిసి ఆయన్ని మూగవాణ్ణి చెయ్యకండి.

హైమ

*

కర్దనూర్,
సోమవారం

నా హైమా,

నిన్న మా ఇంట్లో జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

శనివారం సాయంత్రం నీ ఉత్తరం అందింది. అన్నం తింటుండగా చెప్పేశాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అమ్ముతున్నవా? నన్నడగకనే?" అన్నారు. "ఇప్పుడడుగుతున్న" అన్నాను. లేచి చెయ్యి కడుక్కుని పడుకున్నారు.

పొద్దున లేచి చూస్తే వాకిట్లో కారు లేదు. ఆయన లేరు. ఫోన్ గూట్లోనే ఉంది. హైవే మీద కంటైనర్ లారీలు తప్ప ఇంకేమీ కళ్ల ముందుకు రాలేదు. నిషితకు ఫోన్ చేశాను. కారు ఎక్కడుందో తన ఫోన్‌లో కనపడుతుందట, అది నాకు అంతవరకూ తెలియదు. "అమ్మా, జిన్నారం రోడ్ల ఉన్నది. కదుల్తలేదు. ఆగి చాలా సేపైనట్టున్నది" అంది. ఆ "కదుల్తలేదు" అన్న మాట వింటూనే చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. మా వాడకట్టు అంజన్న ఆటో తీశాడు. దారి పొడుగునా "ఏం గాదు వదినా, శేఖరన్న చేతులల్ల బండి పూవు లెక్క ఉంటది" అంటూనే ఉన్నాడు. ఆ చేతులకు ఇప్పుడు ఏమైందో అతనికి తెలియదు కదా.

మన కంపెనీ పాత గేటు ముందు ఉంది కారు. ఇప్పుడు లోపల ఎవరూ లేరు, గేటుకు తాళం, గోడ మీద పిచ్చితీగ. బస్సు నిలబెట్టే చోటే, అదే వేపచెట్టు నీడలో, సరిగ్గా గీత గీసినట్టు ఆపారు. కుడివైపు తలుపు దగ్గరికి పరుగెత్తాను. స్టీరింగ్ ముందు ఎవరూ లేరు. తర్వాత చూశాను. ఆయన ఎడమ సీట్లో కూర్చుని ఉన్నారు. బెల్టు కూడా పెట్టుకుని ఉన్నారు.

నేను లోపలికెక్కి తలుపు వేసుకున్నాను. తిడదామని నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. ఆయన గేటు వైపే చూస్తూ చెప్పారు.

"ఒక్కసారి తోలి ఇచ్చేద్దామనుకున్న. మస్తు నడిచింది సునందా. మన పాత బస్సు యాదికొచ్చింది, నవ్వుకుంట వస్తున్న. గుట్ట మలుపుల ఒకామె గడ్డిమోపు ఎత్తుకొని రోడ్డు దాటుతున్నది. కండ్లు తెరిచే ఉన్నయి నావి. కానీ నాకామె కనవడలే. ఆ జెరసేపు నేను ఆడ లేను. ఎటు పోయిన్నో తెల్వదు. ధడేల్మని బండి ఆగింది. కండ్లల్లకు వెలుగొచ్చినట్టయి చూస్తే ఆమె బానెట్ ముంగట నిలవడి తిడుతున్నది."

"మరి బ్రేకు కొట్టినవు గద" అన్నాను.

"నేను కొట్టలే." "నా కాలు బ్రేకు మీద లేనే లేదు. ముంగట మనిషి ఉంటే దానంతట అదే ఆగుతదని షోరూమ్ పోరడు చెప్తే నవ్విన ఆరోజు. అదే ఆగింది. గా పాత బస్సయితే ఆగకపోతుండె. ఆమె ఇంటికి పోకపోతుండె."

అక్కడి నుంచి గేటు దాకా తోసుకుంటూ వచ్చినట్టు మెల్లగా తెచ్చారట. ఆపి, దిగి, చుట్టూ తిరిగొచ్చి ఈ పక్క కూర్చున్నారట.

"డాక్టర్ చెప్పిండు, బిడ్డ చెప్పింది, నువ్వు చెప్పినవు. అందరు నన్ను పక్కకు జరుపుతున్నరనుకున్న. గిప్పుడు ఎవ్వరు చెప్పలే. నేనే జరిగిన" అని తాళంచెవి నా చేతిలో పెట్టారు. అది చెమటతో తడిసి ఉంది. "బండి అమ్మకు. నీకు క్లచ్ మీద కాలు పెట్టుకుని తోలే పాడలవాటు ఉన్నది, వాకిట్ల నుంచి సప్పుడు వింటనే ఉన్న. నేర్పుత."

ఆదివారం వచ్చేవాళ్లకు ఆయనే నా ఫోన్ తీసుకుని చెప్పారు, బండి అమ్మకానికి లేదని. అంజన్నను ముందు వెళ్లిపొమ్మన్నాం. నేను బండి తిప్పాను. రివర్స్ చేస్తుంటే ఆయన చెయ్యి తనకు తెలియకుండానే గేరు మీదికి వచ్చి, మళ్లీ వెనక్కి పోయి మోకాలి మీద ఆగింది. నేను చూడనట్టే ఉన్నాను. గుట్ట మలుపు దగ్గర మాత్రం "ఆపు" అన్నారు. రోడ్డు పక్కన చెదిరిన గడ్డిపరకలు ఉన్నాయి. వాటికి దండం పెట్టుకున్నారు.

తర్వాత మాట లేదు. అలిగారేమోనని పక్కకు చూశాను. నిద్రపోతున్నారు హైమా. తల అద్దానికి ఆనించి, నోరు కాస్త తెరిచి. రాత్రి డ్యూటీ దిగి మనమంతా ఒకరి భుజం మీద ఒకరం పడి నిద్రపోతుంటే, అంతమందినీ ఇళ్లు చేర్చిన మనిషి. కదిలే బండిలో ఆయన కళ్లు మూసుకోవడం నా జన్మలో చూడలేదు. ఎదురుగా లారీ వస్తే నా చేతులు బిగుసుకున్నాయి. అయినా హారన్ కొట్టలేదు, లేస్తారేమోనని.

కర్దనూర్ మలుపు వచ్చింది. నేను తిప్పలేదు. అలాగే ముందుకు పోనిచ్చాను.

నీ
సునంద