కరివేపాకు చిగురేసిన రోజు

శనివారం, బెంటన్‌విల్

బతికింది. పొద్దున కాఫీ కప్పుతో ఇంటి వెనక చెక్కల డెక్ మీదికి వెళ్తే కరివేపాకు మొక్కకి కొమ్మకొమ్మకీ చిగుళ్ళు. చూస్తూ అక్కడే కూర్చుండిపోయాను, కాఫీ చల్లారిపోయింది.

మొక్క ఇచ్చిన సరళ ఆంటీ పోయిన నెల వచ్చినప్పుడు, "ఆకులన్నీ పసుపు తిరిగాయేంటమ్మా? పుల్ల మజ్జిగ పొయ్యి. నీ వల్ల కాకపోతే నాకు తిరిగిచ్చెయ్యి" అన్నారు. ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది.

కుండీలో మట్టి టెస్ట్‌కి ఇస్తే సంగతి బయటపడింది. మట్టిలో క్షారం పెరిగిపోయింది, అందుకే ఇనుము ఉన్నా వేళ్ళకి అందడం లేదు. క్షారం ఎక్కడిదో నన్ను అడగాలి. బొగ్గుల గ్రిల్ వెలిగించినప్పుడల్లా, "బూడిద చల్లితే పురుగు పట్టదు, మా ఇంట్లో ఇలాగే చేసేవాళ్ళు" అంటూ తెచ్చి ఆ కుండీలో పోసింది మా ఆయనే. మట్టి మార్చాను. ఐరన్ మందు నీళ్ళలో కలిపి పోశాను. బూడిదకి ట్రాష్ డబ్బా చూపించాను.

చలికాలం ఇంట్లోకి తెచ్చాక మళ్ళీ ఆకులు రాలుస్తుందేమో... అది అప్పుడు చూసుకుందాం.

సాయంత్రం ఆంటీ వచ్చారు. చిగురు నిమిరి, రెబ్బ తుంచి వాసన చూశారు. మొక్క తిరిగిచ్చెయ్యమన్న ఊసే లేదు. "చూశావా, నేను చెప్పినట్టు మజ్జిగ పోశావు, ఎలా తేరుకుందో" అన్నారు.

నేను నవ్వి ఇంకో రెబ్బ తుంచి ఇచ్చాను. మా ఆయన తల దించుకున్నాడు. ఈ నెలంతా ఆ పుల్ల మజ్జిగ తాగింది ఆయనే.